ఇంటర్ ఎంపీసీతో పాటు నాట్యం, ఆటలు: రెండేళ్లు ఎలా సర్దాలి?

సత్యనారాయణపురం_అమ్మ:
అందరికీ నమస్కారం. అమ్మాయి ఈ ఏడాది ఎంపీసీ ఫస్టియర్, విజయవాడలోనే డే స్కాలర్. ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. కాలేజీ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా, ఆదివారం పొద్దున టెస్టు. మూడు విషయాలు తెలియాలి. ఒకటి, నాట్యం ఏ అడ్మిషన్‌లోనైనా లెక్కకొస్తుందా? రెండు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వొచ్చు? మూడు, ఏ నెలలో ఆపాలి, మళ్లీ ఏ నెలలో మొదలుపెట్టాలి? "చూసుకుని చెయ్యండి" అని కాకుండా లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_లెక్కలు:
మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడదామమ్మా, మిగతా రెండింటి జవాబులూ దాని మీదే ఆధారపడతాయి.

జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్, నీట్, ఈఏపీసెట్ ర్యాంకుల్లో ఏ కళకీ ఏ ఆటకీ ఒక్క మార్కు కూడా కలవదు. సర్టిఫికెట్ల ఫైలు ఎంత లావున్నా ర్యాంకు మారదు. కోటా ఉంటే అది ర్యాంకు వచ్చాక సీటు దగ్గర పనిచేస్తుంది.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పుకి మార్కు కొయ్యరు. ర్యాంకులో పరీక్షకి 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ. ఇప్పుడు గుణించి చూడండి. పరీక్షలో 8 ప్రశ్నలు ఎక్కువ చేస్తే 5 శాతం పెరిగినట్టు, అంటే వెయిటేజీలో 3.75. అదే 3.75 ఇంటర్ వైపు నుంచి తెచ్చుకోవాలంటే గ్రూప్ మార్కులు 15 శాతం పెరగాలి. ఇప్పటికే 95 శాతం తెచ్చుకునే పిల్లకి అది కుదరని పని. అందుకని ఇంటర్లో చివరి రెండు మూడు మార్కుల కోసం సాయంత్రాలన్నీ తినెయ్యకండి. మిగిలే గంటలు అక్కడ ఉంటాయి.

అలాగని ఇంటర్‌ని వదిలెయ్యకూడదు. ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీల్లో జేఈఈ మెయిన్ ద్వారా చేరాలంటే ఇంటర్లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 65. లేదంటే బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఆ 75లో భాష మార్కులు కూడా కలుస్తాయి. సంస్కృతమో తెలుగో "ఎలాగూ వస్తుందిలే" అని పుస్తకం తెరవకుండా వెళ్లే పిల్లలు ఉన్నారు, వాళ్ల కోసం చెబుతున్నాను.

పీడీ_గుంటూరు:
ఆటల సంగతి నేను చెబుతాను, నాట్యానికీ కొంత పనికొస్తుంది.

రాష్ట్ర కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం, ఎన్‌సీసీకి 1 శాతం. నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉన్న ఆర్జీయూకేటీలో ప్రవేశం పదో తరగతి మార్కుల మీద జరుగుతుంది, అక్కడా ఇవే శాతాలు. సీట్లు బాగా తక్కువ. అందరినీ ప్రాధాన్య క్రమంలో పెడతారు: అంతర్జాతీయ స్థాయి ముందు, తర్వాత జాతీయం, ఆ తర్వాత రాష్ట్రం. జిల్లా స్థాయి పాల్గొన్న సర్టిఫికెట్ పట్టుకుని సీటు వస్తుందని కూర్చుంటే నిరాశ తప్పదు. ఆట సర్టిఫికెట్లని శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) పరిశీలిస్తుంది, ఒరిజినల్స్ చూపించాలి.

ఇంటర్ పిల్లలు స్కూల్ గేమ్స్‌లో అండర్-19 కింద ఆడతారు. జాతీయ స్థాయి స్కూల్ గేమ్స్‌కి సర్టిఫికెట్ ఫారం-4 అనే నమూనాలో, సీనియర్, జూనియర్ నేషనల్స్‌కి ఫారం-2లో ఇస్తారు. మెడల్ ఫోటో దాచుకుని ఫారం తీసుకోని పిల్లలు చాలామంది. పోటీ ముగిసిన నెలలోపే ఫారం సంతకాలతో తెప్పించుకోండి. రెండేళ్ల తర్వాత ఆ ఆఫీసులో ఎవరుంటారో, రిజిస్టర్ ఎక్కడుంటుందో చెప్పలేం.

ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ పెట్టింది. ప్రతి కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయిలో మెడల్ ఉండాలి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలోనూ ఉండాలి. రెండోది మర్చిపోకండి. మెడల్ ఉంది కదా అని అడ్వాన్స్‌డ్‌ని వదిలేస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. 2025–26 నుంచి లలితకళలకి కూడా ఇలాంటి ప్రవేశం మొదలైంది. రెండింటికీ జోసా (ఐఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారా కాకుండా ఐఐటీ మద్రాస్ సొంత పోర్టల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి.

కానూరు_నాన్న:
నా మాట కటువుగా ఉండొచ్చు. పైన చెప్పినవన్నీ చూస్తే నూటికి తొంభైమంది పిల్లలకి ఏ కోటా రాదు. అలాంటప్పుడు రెండేళ్లు పూర్తిగా ఆపేసి బీటెక్‌లో మొదలుపెట్టడం మేలు కదా? రెండు పడవల మీద కాళ్లు పెట్టించడం ఎందుకు?

బ్రాడీపేట_లెక్కలు:
కానూరు నాన్నగారూ, కోటా రాదనే దాంట్లో మీరు చెప్పింది నిజం. ఆపెయ్యాలనే దాంట్లో కాదు. వారానికి ఉన్నవి 168 గంటలు. ఈ అమ్మాయి లెక్కే వేద్దాం.

నిద్ర రోజుకి 7 చొప్పున 49. కాలేజీ 9 గంటలు ఆరు రోజులు, 54. రానూపోనూ గంటన్నర చొప్పున 9. బెంజ్ సర్కిల్ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకొంచెం వేసుకోండి. స్నానం, తిండి, ఇంటి పనులు రోజుకి రెండు గంటలు, 14. సొంత చదువు రోజుకి 3 గంటలు ఆరు రోజులు, ఆదివారం టెస్టుతో కలిపి 6, మొత్తం 24. కూడితే 150. మిగిలింది 18.

ఆ 18లో అలసట, చుట్టాలు, ఫోను, ఊరికే కూర్చోవడం కలిపి పది పోతాయి. పోవాలి కూడా, లేకపోతే పిల్ల బతకలేదు. 8 మిగిలాయి. అందులో నాట్యానికి 4 గంటలు ఇస్తే చదువు నుంచి ఒక్క నిమిషం తీసినట్టు కాదు. ఆపేసిన ఇళ్లలో ఆ 4 గంటలు కెమిస్ట్రీకి వెళ్లవు, ఫోన్‌కి వెళతాయి. పడుకునే టైము కూడా వెనక్కి జరుగుతుంది. అసలు నష్టం అక్కడే. నిద్ర ఆరు గంటల కిందకి జారితే మర్నాడు మొదటి పీరియడ్ చెవికెక్కదు, సాయంత్రం అదే పాఠం మళ్లీ చదవాలి.

సెమీ రెసిడెన్షియల్ అయి రాత్రి 9 దాకా కాలేజీలోనే ఉంటే లెక్క మారిపోతుంది. 54 బదులు 78 వేసి, సొంత చదువు 24 బదులు ఆదివారం 8 గంటలే తీస్తే మిగిలేవి 10. అక్కడ వారానికి గంటన్నర మించి ఆశించకండి. కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు అడిగినట్టే స్టడీ అవర్స్ ఎప్పటిదాకా, ఆదివారం మధ్యాహ్నం సెలవేనా అని అడగండి. ఆ ఒక్క జవాబుతో నాట్యం కొనసాగుతుందో లేదో సగం తేలిపోతుంది.

సత్యనారాయణపురం_అమ్మ:
మేష్టారూ, ఈ లెక్క కాగితం మీద రాసి గోడకి అంటించాను. అయితే 4 గంటలు ఎలా పంచాలి? వాళ్ల టీచరుగారు ఆదివారం మధ్యాహ్నం మూడున్నర గంటలు ఒకేసారి రమ్మంటున్నారు.

మొవ్వ_గజ్జెలు:
ఒకేసారి మూడున్నర గంటలు వద్దమ్మా. టెస్టు రాసి అలసిన ఒళ్లు, ఆరు రోజులు కుర్చీలో ముడుచుకున్న తొడకండరాలు. ఒక్కసారిగా అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) కూర్చుంటే మొదట మోకాలి చిప్ప కింద, తర్వాత పిక్కల ముందు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. వారానికి ఒకే రోజు బాగా ఎక్కువ చేసేవాళ్లకే ఈ దెబ్బలు తగులుతాయి, రోజూ కాస్త చేసేవాళ్లకి తక్కువ.

ఇలా పంచండి. రోజూ పొద్దున 15 నిమిషాలు: 5 నిమిషాలు కీళ్లు కదిలించడం, 5 నిమిషాలు అరమండి ఆగి ఆగి, 5 నిమిషాలు ఒకే వరస అడుగులు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. బుధవారం సాయంత్రం 60 నిమిషాలు, ఆదివారం 75 నిమిషాలు గురువు దగ్గర. మొత్తం 4 గంటలే అవుతుంది. బుధవారం కొత్త అంశం వద్దు, పాతవి తుడుచుకోవడమే. కొత్తది ఆదివారం, అదీ ఏడాదికి రెండు అంశాలు చాలు. ఒక జతిస్వరం, ఒక తరంగం అనుకోండి. తరంగంలో ఇత్తడి పళ్లెం మీద కాలు నిలపడం మాత్రం వారం రోజులు వదిలినా చెడుతుంది, దాన్ని పొద్దుటి 15 నిమిషాల్లో చేర్చండి.

అపార్ట్‌మెంట్‌లో టైల్స్ కింద కాంక్రీటు ఉంటుంది, అది దెబ్బని వెనక్కి కొడుతుంది. ఇంట్లో కాలు బలంగా తట్టకుండా అడుగు వేస్తే చాలు. పూర్తి తట్టు గురువుగారి దగ్గర, చెక్క నేల ఉంటే ఇంకా మంచిది. కింది ఇంటివాళ్లు కూడా సంతోషిస్తారు.

రంగప్రవేశం (వేదిక మీద తొలి పూర్తి ప్రదర్శన) ఆలోచన ఉంటే ఫస్టియర్ పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. సెకండియర్ దసరాకో సంక్రాంతికో అసలు వద్దు. ముందు నాలుగైదు నెలలు రోజూ రెండు గంటల సాధన, పక్కవాద్యం రిహార్సల్స్, ఆహార్యం, హాలు, పిలుపులు. ఆ బరువు సెకండియర్ మోయలేదు.

సర్టిఫికెట్ దారిలో ఉంటే ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల విజయవాడలోనే ఉంది. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా ఆపైన రెండేళ్లు. ఆ పరీక్షల తేదీలు ఇంటర్ తేదీలతో తగులుతాయేమో ఫీజు కట్టకముందే చూసుకోండి. కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే కళల స్కాలర్‌షిప్ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి, ఇంటర్‌లో కొత్తగా పెట్టలేరు. చిన్న చెల్లెళ్లు ఉన్నవాళ్లు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. కళా ఉత్సవ్ అనే ప్రభుత్వ పోటీ మాత్రం 9 నుంచి 12 తరగతుల వాళ్లకి, జిల్లా నుంచి జాతీయ స్థాయిదాకా వెళ్తుంది.

వీణ_అరండల్‌పేట:
వీణ, వయొలిన్ వాళ్లకి ఒక్క మాట. ఆదివారం మూడు గంటలకన్నా రోజూ 25 నిమిషాలు మేలు. వేళ్ల మీద కాయలు పది రోజులకే మెత్తబడతాయి, మళ్లీ తీగ నొక్కితే చర్మం కోసుకుపోతుంది. వేళ్లు మండుతుంటే పెన్ను కూడా పట్టుకోలేరు.

తెనాలి_రాకెట్:
పీడీ గారూ, అబ్బాయి సెకండియర్, బ్యాడ్మింటన్ అండర్-19. జిల్లా నుంచి రాష్ట్రానికి సెలక్ట్ అయ్యాడు. జనవరిలో మెయిన్ మొదటి సెషన్. ఆడనివ్వాలా?

పీడీ_గుంటూరు:
అన్నా, రాష్ట్రస్థాయికి పంపండి. నాలుగైదు రోజుల పని. రాష్ట్రంలో గెలిచి జాతీయానికి వెళితేనే అసలు ప్రశ్న. స్కూల్ గేమ్స్ జాతీయ పోటీలు సాధారణంగా చలికాలంలో పడతాయి. ప్రయాణం, క్యాంపు కలిపి పది పన్నెండు రోజులు పోతాయి. మెయిన్‌కి రెండు సెషన్లు, రెండింటిలో మెరుగైన స్కోరే తీసుకుంటారు. జాతీయానికి వెళ్లేవాడికి జనవరి సెషన్ అలవాటుకి, ఏప్రిల్ సెషన్ అసలుకి అని ముందే అనుకుంటే ఇంట్లో గొడవ ఉండదు. రెండూ అసలే అనుకుంటే రెండూ చెడతాయి.

వెళ్లే ముందు కాలేజీకి రాతపూర్వకంగా లెటర్ ఇచ్చి, హాజరుకి ఆన్ డ్యూటీ రాయించుకోండి. ప్రాక్టికల్ రికార్డులు అక్టోబరుకల్లా సంతకాలు అయిపోవాలి. ఫిబ్రవరి ప్రాక్టికల్స్ ముందు రికార్డు కోసం పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది ఆటగాళ్లే.

జాతీయానికి వెళ్లనివాడు డిసెంబరు నుంచి మార్చి దాకా ఇలా చెయ్యొచ్చు: వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 40 నిమిషాలు. 10 స్కిప్పింగ్, 15 షాడో ఫుట్‌వర్క్, 15 కోర్, భుజాల వ్యాయామం. ఇంటి మేడ మీదే చాలు, కోర్టుకి వెళ్లిరావడానికి పట్టే గంట మిగులుతుంది. పరీక్షలయ్యాక తిరిగి కోర్టుకి వెళ్లిన మొదటి వారం మ్యాచ్‌లు ఆడనివ్వకండి. మూడు నెలల విరామం తర్వాత మొదటి రోజే స్మాష్‌లకి ఎగిరితే చీలమండ మెలికపడుతుంది.

లక్ష్మీపురం_అప్లికేషన్లు:
ఇక కార్యకలాపాలు నిజంగా లెక్కకొచ్చే తలుపులు. సోనిపత్‌లోని అశోక, మన శ్రీసిటీలోని క్రియా వంటివి వ్యాసాలు, ఇంటర్వ్యూలు చూస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీలో సీయూఈటీ ప్రవేశ పరీక్షతో పాటు ఈసీఏ (కళల వంటి అదనపు కార్యకలాపాలు), స్పోర్ట్స్ కోటా ఉంది, నాట్యానికీ సంగీతానికీ ట్రయల్స్ పెడతారు. కానీ ఎక్కువ వివరం కావాల్సింది అమెరికా దరఖాస్తుకి.

కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో 10 కార్యకలాపాలు రాయొచ్చు. ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, పెద్ద వాక్యానికి చోటు చాలదు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. ఇక్కడే పిల్లలు తప్పుచేస్తారు. పదింటికీ వారానికి ఆరేసి గంటలు రాస్తే 60 అవుతుంది. పైన మేష్టారు వేసిన 168 లెక్క ఆ దరఖాస్తు చదివేవాళ్లకీ తెలుసు, నమ్మరు. నాట్యం 4 గంటలు, 44 వారాలు, ఆరేళ్లు అని నిజం రాస్తే అదే గట్టిగా నిలబడుతుంది. పది గడులూ నింపాలని లేదు. ఒక నోటు పుస్తకంలో నెలకోసారి తేదీ, చేసిన పని, గంటలు రాసుకుంటూ పోతే రెండేళ్ల తర్వాత ఊహించి రాయక్కర్లేదు.

మన పిల్లలకి వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటి ఉంది. అక్కడ 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. మనకి 9, 10 ఒక స్కూలు, ఇంటర్ ఇంకో కాలేజీ. పాత స్కూలు నుంచి తొమ్మిదో తరగతి మార్కుల కాగితం సీలుతో ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. కాలేజీలో స్కూల్ రిపోర్టు, మిడ్ ఇయర్ రిపోర్టు ఎవరు అప్‌లోడ్ చేస్తారో ఆగస్టులోపు మాట్లాడుకోవాలి, చాలా కాలేజీలకి ఇది కొత్త పని. ఎర్లీ గడువులు ఎక్కువగా నవంబరు 1, రెగ్యులర్ జనవరి మొదట్లో. అంటే 650 మాటల వ్యాసం, జేఈఈ గ్రాండ్ టెస్టులు ఒకే నెలల్లో ఢీకొంటాయి. వ్యాసం మొదటి చిత్తుప్రతి ఫస్టియర్ తర్వాతి మే నెలలో రాసెయ్యాలి. దసరా సెలవుల్లో మొదలుపెట్టినవాళ్లకి రెండూ సగం సగమే అవుతాయి.

బ్రిటన్‌కి వెళ్లాలనుకునేవాళ్లు వేరేగా ఆలోచించాలి. అక్కడ మీరు చదవబోయే సబ్జెక్టుకి సంబంధించిన అదనపు చదువు, ప్రాజెక్టులు చూస్తారు, నాట్యం అక్కడ పెద్దగా కదలించదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ గడువు అక్టోబరు 15.

పటమట_స్కేల్:
ఎవరూ బొమ్మల సంగతి ఎత్తలేదు. బొమ్మలు వేసే పిల్లలకి అది పక్కన పెట్టే కార్యకలాపం కాదు, నేరుగా మార్కులు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ బీఆర్క్‌కి జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ ద్వారా తీసుకుంటుంది. 400 మార్కుల్లో ఆప్టిట్యూడ్ 200, మ్యాథ్స్ 100, డ్రాయింగ్ 100. డ్రాయింగ్ ఇప్పటికీ కాగితం మీదే, రెండు బొమ్మలు, ఒక్కోటి 50. వారానికి మూడుసార్లు ఒక్కో బొమ్మ, గడియారం పెట్టుకుని 30 నిమిషాల్లో. రైతుబజారు, బ్యారేజీ, బస్టాండు ప్లాట్‌ఫాం లాంటి మనుషులున్న దృశ్యాలు జ్ఞాపకం నుంచి వెయ్యండి. ఫోటో చూసి గీసే అలవాటున్నవాళ్లు పరీక్షలో దృష్టిరేఖ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు.

భవానీపురం_కొండ:
ఒలింపియాడ్లు ఈ ఖాతాలో వేసుకోవచ్చా?

బ్రాడీపేట_లెక్కలు:
లెక్కలంటే ఇష్టం ఉంటేనే. ఐఓక్యూఎం (లెక్కల ఒలింపియాడ్ మొదటి పరీక్ష) సెప్టెంబరు ప్రాంతంలో, 30 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు. నంబర్ థియరీ, కాంబినటోరిక్స్ జేఈఈ సిలబస్‌లో దాదాపు ఉండవు, కాబట్టి ఇది విడి చదువు. ఫస్టియర్‌లో వారానికి 3 గంటలు పెట్టగలిగితే చెయ్యండి. సెకండియర్‌లో కొత్తగా మొదలుపెట్టొద్దు. కేవీపీవై అనే సైన్సు స్కాలర్‌షిప్ పేరుతో ఇంకా ఎవరైనా ఫీజు అడిగితే కట్టకండి, అది 2022లోనే ఆగిపోయింది. సైన్సు ఇష్టమైనవాళ్లకి ఐసర్‌ల (కేంద్ర సైన్సు విద్యాసంస్థలు) ప్రవేశ పరీక్ష ఐఏటీ ఉంది, తిరుపతి ఐసర్‌కీ అదే. 60 ప్రశ్నల్లో 15 బయాలజీవి. ఎంపీసీ పిల్లలు ఆ 15ని మొత్తంగా వదలకుండా సులువైన పాఠాలు చదివి కొన్నైనా పట్టుకోవచ్చు.

సత్యనారాయణపురం_అమ్మ:
మూడో ప్రశ్న మిగిలింది. ఎప్పుడు ఆపాలి? ఆదివారం టెస్టులో మార్కులు తగ్గితే వాళ్ల నాన్నగారు వెంటనే గజ్జెలు దాచెయ్యమంటున్నారు.

బ్రాడీపేట_లెక్కలు:
ఒక్క టెస్టు చూసి నిర్ణయించొద్దని చెప్పండమ్మా. జవాబు పత్రం ముందు పెట్టుకుని తప్పుల్ని మూడు రకాలుగా విడదీయండి: పాఠం తెలియక పోయినవి, తెలిసీ లెక్కలో జారినవి, టైము చాలక వదిలినవి. మొదటి రకం వరసగా నాలుగు టెస్టుల్లో ఒకే సబ్జెక్టులో పెరుగుతుంటే చదువు గంటలు చాలట్లేదు, బుధవారం క్లాసు నెలపాటు ఆపండి. రెండో రకం పెరిగితే నిద్ర చూడండి. మూడోది సాధన లోపం, నాట్యం ఆపితే తగ్గదు.

సెకండియర్ క్యాలెండరు ఇలా. దసరా దాకా 4 గంటలు. నవంబరు నుంచి దాదాపు రెండున్నర గంటలు, అంటే పొద్దుటి 15 నిమిషాలు, వారం విడిచి వారం గురువు దగ్గరికి. జనవరి చివర మెయిన్, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆ వెంటనే పబ్లిక్ పరీక్షలు, ఏప్రిల్ మొదట్లో రెండో సెషన్. ఈ నెలల్లో కొత్తది నేర్చుకోవడం, వేదికలు పూర్తిగా బంద్. పొద్దుటి 15 నిమిషాలు మాత్రం పరీక్షరోజున కూడా ఉంచండి. మేలో ఈఏపీసెట్, అడ్వాన్స్‌డ్ అయ్యాక పూర్తి క్లాసులు.

మొవ్వ_గజ్జెలు:
మేష్టారి మాటకి ఒక చేర్పు. పరీక్షరోజు ఆ 15 నిమిషాల్లో అరమండి, తట్టు వద్దు. కీళ్లు కదిలించి, ఒక శ్లోకానికి అభినయం చేసి ఆపండి.

కానూరు_నాన్న:
గంటల లెక్క చూశాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. అయితే కాగితాల సంగతి ఎవరైనా ఒకచోట చెబితే బాగుంటుంది.

లక్ష్మీపురం_అప్లికేషన్లు:
ప్రతి సర్టిఫికెట్ మీద పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా అనేదీ చూడండి. నాట్య పోటీల్లో ముద్దుపేరుతో ఇచ్చినవి ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. తేదీ, స్థాయి, నిర్వాహకుల సంతకం, సీలు, వరస సంఖ్య కనిపించేలా రెండువైపులా స్కాన్ చేసి సంవత్సరం ముందు పెట్టి ఫైలు పేరు రాయండి. ఒరిజినల్స్‌ని లామినేషన్ చేయించకండి. సీలు, సిరా చేత్తో తడిమి చూడాలనుకునే అధికారి దగ్గర లామినేషన్ చేసిన ఫారంతో చిక్కే. పారదర్శక కవర్ల ఫోల్డర్ చాలు, మధ్యలో ఆమ్లం లేని తెల్ల కాగితం పెడితే వానాకాలంలో ఒకదానికొకటి అంటుకోవు.